రెండు రంగుల డబ్బాలు: సరిహద్దు తీరంలో ఒక తాబేళ్ల సీజన్

2024 డిసెంబరు 8, ఆదివారం

పోయిన సీజన్ డైరీ తీసి చూస్తే సిగ్గేసింది. "రాత్రి నడిచాం. గూళ్లు 2. కుక్కలు తవ్వినవి 1." అంతే, నాలుగు నెలలూ ఇదే వరస. ఎవరు నడిచారో, ఎంత దూరం నడిచారో, ఎన్నింటికి మొదలుపెట్టారో ఎక్కడా లేదు. బళ్లో పిల్లలు ప్రయోగం రికార్డు ఇలా రాస్తే వెనక్కి విసిరేసేవాణ్ణి. అందుకే ఈసారి వివరంగా రాద్దామని కూర్చున్నాను.

కొత్తగా చదివేవాళ్ల కోసం రెండు మాటలు. మాది శ్రీకాకుళం జిల్లా ఉత్తరపు కొస, ఉద్దానం దాటాక వచ్చే తీరం. పేట పేరు రాయను. గూళ్లు ఎక్కడున్నాయో బయట చెప్పకూడదన్నది మేం పెట్టుకున్న నియమం. ఆలివ్ రిడ్లే తాబేళ్లు డిసెంబరు చివరి నుంచి ఏప్రిల్ దాకా ఇక్కడ గుడ్లు పెడతాయి. అటవీశాఖ అనుమతితో పేటలోని కుర్రాళ్లు తొమ్మిదిమంది, ఇద్దరు పెద్దవాళ్లు, సైన్స్ మేస్టారునైన నేను కలిసి ఒక చిన్న హేచరీ (ఒడ్డున దొరికిన గుడ్లు తెచ్చి, ఇసుకలో పెట్టి, పిల్లలయ్యేదాకా కాపాడే జాగా) నడుపుతున్నాం. గూళ్లు వెతుక్కుంటూ రాత్రిళ్లు మేం నడిచేది 14 కిలోమీటర్లు.

ఈసారి కొత్తేమిటంటే సరిహద్దు అవతల, ఒడిశా గంజాం జిల్లాలో ఇలాంటి పనే చేసే ఇంకో బృందంతో కలవడం. వాళ్లు 11 కిలోమీటర్లు నడుస్తారు. తాబేలుకి ఇచ్ఛాపురం చెక్‌పోస్టు లేదు కదా, లెక్కలకు మాత్రం ఎందుకుండాలి అన్నది ఆలోచన. ఫోన్లో మాట్లాడుకున్నప్పుడు చాలా తేలిగ్గా అనిపించింది.

డిసెంబరు 22

మూడురోజులుగా అల్పపీడనం, ఒకటే వాన. హేచరీ కోసం చదును చేసిన ఇసుక సగం కోసుకుపోయింది. ఇంకా గుడ్లు పెట్టకముందే పోవడం నయం. సరుగుడు తోటకు ఆనించి కట్టుకుంటే నీడ దొరుకుతుందని కుర్రాళ్లు అన్నారు. నేను వద్దన్నాను. 2018లో తిత్లీ తుపాను వచ్చి ఉద్దానాన్ని పెకిలించి పోయాక మా వైపు సరుగుడు అంటే దేవుడితో సమానం. దాని మీద మాట పడితే ఊరుకోరు. కానీ ఆ చెట్లు అలల గీత దాకా జరిగితే తాబేలు తవ్వుకోడానికి జాగా మిగలదు, వేళ్లు గుంటలోకి దిగుతాయి. తోటకీ హేచరీకీ మధ్య ఇరవై అడుగులు వదలాలని చెప్పి ఒప్పించాను. "మేస్టారూ, మీరు సెట్టుకీ తాబేలికీ తగువెడుతున్నారు" అన్నాడు తాత. (తాత అంటే నాకు తాత కాదు, పేట మొత్తానికి. డెబ్బై దాటినా రాత్రి నడకలో మాకంటే ముందుంటాడు.)

2025 జనవరి 5

మొదటి గూడు. తెల్లవారుజామున మూడున్నరకి జాడ కనిపించింది. ట్రాక్టరు టైరు గుర్తులా ఉంటుందది, కానీ రెండు వైపులా అడుగులు ఎదురెదురుగా పడవు, ఒకటి ముందు, ఒకటి వెనక. రిడ్లే అలాగే నడుస్తుంది. పచ్చ తాబేలైతే రెండు రెక్కలూ ఒకేసారి వేసి ఈడ్చుకుంటుంది, జాడ ఎదురెదురుగా ఉంటుంది. కొత్త కుర్రాడికి ఇది చూపించి ఫొటో తీయించాను.

గుడ్లు 112. చేత్తో లోపలి నుంచి ఒక్కొక్కటే తీస్తుంటే పింగ్‌పాంగ్ బంతిలా ఉంటుంది, కానీ నొక్కితే సొట్టపడుతుంది. పెట్టిన మొదట్లో జిగురు అంటి జారుతుంది. బకెట్టు అడుగున తడి ఇసుక, దాని మీద గుడ్లు, మళ్లీ ఇసుక. సైకిలు మీద వద్దు, కుదుపు తగులుతుంది. నడిచే తేవాలి.

జనవరి 19

ఈ వారం ఏమీ బాగోలేదు. చెన్నై తీరంలో చచ్చిన తాబేళ్లు వందల్లో కొట్టుకొస్తున్నాయని పేపర్లు, టీవీలు. మా దగ్గర అంత కాదుగాని పదకొండు దొరికాయి. మెడ ఉబ్బి, కళ్లు బయటికొచ్చి ఉన్నాయి. తాబేలు ఊపిరి తీసుకునే జంతువు, వలలో చిక్కి పైకి రాలేకపోతే మునిగి చస్తుంది. వల గంటలకొద్దీ నీళ్లలో ఈడిస్తే దానికి తప్పించుకునే దారే లేదు. ట్రాల్ వలలో తాబేలు బయటికి పోయేందుకు కటకటాల చట్రం, పైన ఒక తలుపులాంటి కన్నం పెట్టే సాధనం కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ ఎప్పుడో తయారు చేసింది. దాన్ని వాడేవాళ్లు ఎంతమంది? బోటు యజమానికి ఆ కన్నంలోంచి పోయే రొయ్యే కనిపిస్తుంది.

మా వాళ్లు చూసినవి పదకొండు. అవతలి బృందం వాట్సాప్‌లో పెట్టిన లెక్క పదహారు. కలిపితే ఇరవై ఏడు. అలాగే జిల్లా అధికారులకు రాసి పంపబోయాం.

పంపే ముందు ఫొటోలు పక్కపక్కన పెట్టి చూశాను. వాళ్ల 4వ ఫొటోలో తాబేలు వీపు మీద కుడివైపు అరచేయంత పగులు ఉంది, బోటు పంకా తగిలినట్టు. మా 9వ ఫొటోలోనూ అదే పగులు. రెండిటి మధ్య నాలుగు రోజులు. వాళ్ల దగ్గర ఒడ్డుకొచ్చింది, పోటుకి మళ్లీ నీళ్లలోకి పోయింది, మా దగ్గర తేలింది. ఒక్క శవాన్ని ఇద్దరం లెక్కపెట్టాం. ఇంకా ఎన్ని ఇలా ఉన్నాయో ఎలా చెప్పాలి? మిగతావాటికి అలాంటి గుర్తేమీ లేదు.

కాగితం పంపలేదు. కుర్రాళ్లకు కోపం వచ్చింది. "ఇరవై ఏడంటేనే ఎవరూ పట్టించుకోరు మేస్టారూ, తగ్గిస్తే ఇంకేం పట్టించుకుంటారు?" వాళ్లు అన్నదీ నిజమే. కానీ ఒక్కటి తప్పని తేలితే మిగతా ఇరవై ఆరూ అబద్ధమంటారు.

జనవరి 26

సెలవు కాబట్టి అవతలి వాళ్లు మా పేటకి వచ్చారు. ఎనిమిదిమంది, రెండు ఆటోల్లో. చేపల పులుసు, చద్దన్నం, ఆ తర్వాత గొడవ.

మొదటి గొడవ చచ్చిన తాబేళ్ల గురించే. "మీ ఆంధ్రా మరబోట్లు మా నీళ్లలోకి వస్తాయి" అని వాళ్లు. "మీ వైపు కాపలా పెరిగితే మీ బోట్లే ఇటొచ్చి వేస్తున్నాయి" అని మావాళ్లు. ఇందులో చట్టం కూడా ఒక కారణం. ఒడిశాలో రుషికుల్య, దేవి, ధమ్రా నదుల మొగల (సముద్రంలో కలిసే చోట్ల) దగ్గర నవంబరు 1 నుంచి మే 31 దాకా 20 కిలోమీటర్ల వరకు చేపల వేట నిషేధం. మన వైపు ఒడ్డు నుంచి 8 కిలోమీటర్లలోపు మరబోట్లు రాకూడదన్న నియమం ఉంది, వేట విరామమేమో ఏప్రిల్ 15న మొదలై 61 రోజులు. తాబేలు గుడ్లు పెట్టడం దాదాపు అయిపోయాక మన విరామం మొదలవుతుందన్నమాట. అది చేపల సంతానం కోసం పెట్టినది, తప్పు పట్టలేం. తాబేలు మాత్రం ఆ క్యాలెండర్లో ఎక్కడా లేదు.

రెండో గొడవ పని చేసే పద్ధతి మీద. ఇక్కడ నేను చాలా నేర్చుకున్నాను. వీపు పొడవు మేం గట్టి స్కేలుతో కొలుస్తాం, నేరుగా. వాళ్లు దర్జీ టేపుతో వీపు వంపు మీదుగా కొలుస్తారు. ఒకే తాబేలుకి రెండు లెక్కల్లో నాలుగైదు సెంటీమీటర్ల తేడా వస్తుంది. మూడేళ్లుగా మా తాబేళ్లు చిన్నవి, వాళ్లవి పెద్దవి అనుకుంటూ ఉన్నాం! "తాజా శవం" అంటే మాకు వాసన రానిది, వాళ్లకి చర్మం ఊడనిది. "గూడు" అంటే మాకు గుడ్లు చూసినది, వాళ్లకి జాడ వచ్చి తిరిగిపోయినది కూడా.

ఇక ఫారం ఏ భాషలో వేయాలన్నది మూడో తగువు. వాళ్లలో సగంమంది మాట్లాడేది తెలుగే. గంజాం తీరంలో గంగపుత్రుల పేటలు చాలావరకు తెలుగిళ్లే, తాతల నాడు ఇటునుంచి వెళ్లినవాళ్లే. కానీ బళ్లో చదివింది ఒడియా, తెలుగు అక్షరం రాదు. మా వాళ్లకి ఒడియా వినడం వచ్చు, చదవడం రాదు. చివరికి అవతలి బృందంలోని ఒక చెల్లి ఉపాయం చెప్పింది. మాట తెలుగే, అక్షరం ఒడియాది. ఫారం ఒక పక్క తెలుగు లిపి, ఇంకో పక్క ఒడియా లిపి, మాటలు రెండువైపులా ఒకటే: జాడ, గూడు, గుడ్లు, కుళ్లింది, కుళ్లనిది. ఎక్కడ కొలవాలో బొమ్మ గీశాం. ఇంగ్లీషు ఒక్క ముక్క లేదు. ఇంత మంచి ఫారం ఏ ఆఫీసువాళ్లూ ఇప్పటిదాకా మాకు ఇవ్వలేదు, కాస్త గర్వంగానే రాస్తున్నాను.

తేల్చుకున్నవి: దర్జీ టేపు, వంపు మీదుగానే. చచ్చిన ప్రతి తాబేలు వీపు మీదా ఆయిల్ పెయింటు గుర్తు. మాది పసుపు, వాళ్లది ఎరుపు. రంగున్న దాన్ని మళ్లీ లెక్కపెట్టకూడదు, కానీ ఎక్కడ కనిపించిందో ఫొటోతో రాయాలి. పూడ్చడం ఆ తర్వాతే, అదీ అటవీశాఖ వాళ్లు చూశాక.

ఇంకొకటి బయటపడింది. మా 14, వాళ్ల 11 అని ఇన్నాళ్లూ చెప్పుకున్నాం కదా, మ్యాపులో గీస్తే మధ్యలో ఒక ఏటి మొగ చుట్టూ ఆరు కిలోమీటర్లు ఖాళీ. వాళ్లు నడుస్తారని మేం, మేం నడుస్తామని వాళ్లు. సరిగ్గా సరిహద్దు మీద.

ఫిబ్రవరి 2

ఆ ఆరు కిలోమీటర్లు మొదటిసారి కలిసి నడిచాం. గుడ్ల పెంకులు ఎండిపోయి కాగితం ముక్కల్లా చెల్లాచెదురుగా ఉన్నాయి. కుక్కలో నక్కలో తవ్విన గుంటలు 13 లెక్కపెట్టాం. ఎన్ని సీజన్లుగా ఇలా పోతున్నాయో.

తాత ఒక గుంట దగ్గర గొంతుక్కూర్చుని పెంకు ఒకటి తీసి చూసి, "కూర్మనాథుడు మన జిల్లాలోనే ఉన్నాడు, ఆయన గుడ్లు కుక్కలకేసేం" అన్నాడు. శ్రీకూర్మం మొక్కున్న పేట మాది. వలలో తాబేలు పడితే బొట్టు పెట్టి, దండం పెట్టి వదిలే ముసలివాళ్లు ఇంకా ఉన్నారు. ఆ భక్తి లేకపోతే మా ప్రాజెక్టు మొదటి ఏడాదే మూతపడేది. అయితే ఆ ఆరు కిలోమీటర్లలో పేట లేదు, మొక్కేవాళ్లూ లేరు.

ఇకనుంచి సోమ, బుధ, శుక్రవారాలు వాళ్లు, మిగతా రాత్రులు మేం.

ఫిబ్రవరి 18, రుషికుల్య

నిన్న పొద్దున్న ఫోను: "వచ్చేయి అన్నా, మొదలైంది." రెండు రోజుల క్రితం, 16న మొదలైందట. బడికి సెలవు పెట్టి నలుగురం రైలెక్కాం.

రుషికుల్య మొగ దగ్గర ఇలా లక్షల తాబేళ్లు ఒకేసారి వస్తాయని శాస్త్రవేత్తల లోకానికి తెలిసింది 1994లో. అక్కడి ముసలివాళ్లకి ఎప్పటినుంచో తెలుసు. ఈ సామూహిక రాకను అర్రిబాదా అంటారు, స్పానిష్ మాట, 'రాక' అనే అర్థం. నేను పుస్తకాల్లో చదివాను, పిల్లలకు పాఠం కూడా చెప్పాను. చూడటం వేరు.

ముందు వినిపించింది, తర్వాత కనిపించింది. చీకట్లో దబదబమని చప్పుడు, ఎవరో తడిమట్టి తొక్కుతున్నట్టు. గుడ్లు పెట్టి గుంట పూడ్చాక రిడ్లే తన ఒళ్లంతా అటూ ఇటూ ఊపుతూ పొట్టతో ఇసుకను కొడుతుంది, గుంట గట్టిపడడానికి. మా ఒడ్డున ఒక్క తాబేలు చేసే ఆ చప్పుడు నాకు అలవాటే. ఇక్కడ వేలు. అడుగు వేయడానికి జాగా లేదు. ఎర్రలైటు నేలకు వంచి పట్టుకుని, ఒక్కో అడుగూ చూసి వేశాను. నా కాలికి ఆనుకుని ఒకటి తవ్వుతోంది. వెనక రెక్క మనిషి అరచేయిలా ముడిచి, పిడికెడు ఇసుక ఎత్తి, పక్కన పోసి, రెండో రెక్కతో మళ్లీ. కళ్లకింద నీళ్లు కారి ఇసుక అంటుకుని ఉంది. ఏడుపు కాదు, ఒంట్లోని ఉప్పును బయటికి పంపే గ్రంథి అది. తెలిసినా చూస్తే ఏదోలా ఉంటుంది. అది తవ్విన గుంటలోంచి ముందురోజు ఇంకో తాబేలు పెట్టిన గుడ్లు బయటపడుతున్నాయి. ఎవరూ ఏమీ చేయరు. వాసన చెప్పలేను.

పని నేర్చుకోవాలని వచ్చాం కాబట్టి అది రాస్తాను. ఇక్కడ గూళ్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టరు, పెట్టలేరు. ఒడ్డు పొడవునా కొలిచిన పట్టీలు కట్టి, రాత్రంతా నిర్ణీత సమయాలకు ఆ పట్టీల్లో గుడ్లు పెడుతున్నవాటినే లెక్కించి, మొత్తాన్ని అంచనా కడతారు. కాబట్టి వాళ్ల లక్షలూ మా పదులూ ఒకే పట్టికలో పక్కపక్కన వేయకూడదు. ఒకటి అంచనా, ఒకటి లెక్క. నేను ఆ తప్పు చేయబోతుండగా అక్కడి పరిశోధక విద్యార్థి ఒకమ్మాయి ఆపింది.

తిరుగు రైల్లో మా కుర్రాడు అడిగాడు: "ఇక్కడ ఇన్ని ఉంటే, మన పాతిక ముప్ఫై గూళ్లకి ఇంత కష్టం దేనికి మేస్టారూ?" వెంటనే జవాబు చెప్పలేకపోయాను. తర్వాత నాకు తోచింది ఇది: లక్షల్లో పెట్టిన చోట తుపాను ఒకటి కొట్టినా, మొగ పక్కకు జరిగినా ఆ ఏడాది మొత్తం పోతుంది. విడివిడిగా పెట్టినవి తీరమంతా పరుచుకుని ఉంటాయి. బియ్యం మొత్తం ఒకే కుండలో పెట్టుకోం కదా. వాడు సగమే ఒప్పుకున్నాడు.

ఫిబ్రవరి 27

ఈసారి రుషికుల్యలో సుమారు 6.98 లక్షల తాబేళ్లు గుడ్లు పెట్టాయని ప్రకటించారు. 2023లో 6.37 లక్షలు, అదే రికార్డనుకుంటే దాన్నీ దాటింది. మాది నేటికి 17.

మార్చి 9

ఇది రాయడం కష్టం. నా తప్పు.

11వ నంబరు గూడు తవ్వి చూశాం. పెట్టి 52 రోజులైంది, పిల్లలు రావలసిన గడువు. పైన ఇసుక కుంగలేదు. ఆ ఆరు కిలోమీటర్ల ముక్కలో కాదు, మా సొంత భాగంలోనే జనవరి 16న కనుమ నాటి రాత్రి దొరికిన గూడు. పండగ కదా, కుర్రాళ్లు తక్కువ. జాడ చూసింది రాత్రి ఒంటిగంటకి. మోయడానికి మనిషి లేడని కర్ర పాతి గుర్తు పెట్టి, పొద్దున్న పదకొండు దాటాక వెళ్లి తెచ్చాను. పది గంటలు దాటిపోయింది.

గుడ్డు పెట్టిన కొద్దిగంటల్లోనే పిండం పెంకు లోపల పైభాగానికి అతుక్కుంటుంది. ఆ తర్వాత గుడ్డు తిరగబడితే తెగిపోతుంది. నాకు తెలుసు, నేనే అందరికీ చెబుతాను. అయినా ఎండలో బకెట్టు పట్టుకుని గబగబా నడిచాను. 104 గుడ్లలో పిల్లలైనవి ఆరు. మిగతావి విప్పి చూస్తే చాలావాటిలో చిన్న ఎర్రటి చుక్క దగ్గరే ఆగిపోయింది.

కొత్త నియమం ఫారం మీదే ఎక్కించాం: పెట్టిన సమయం తెలియకపోతే, లేదా రెండు గంటలు దాటితే, గూడు కదపకూడదు. అక్కడే మీద ఇనప జాలీ వేసి, రాళ్లు పెట్టి, కుక్కల నుంచి కాపాడాలి. అవతలి వాళ్లు ముందు నుంచీ ఇదే చేస్తున్నారట. జనవరి 26న అడిగి ఉండాల్సింది, టేపు గురించి తగువులాడటంతోనే సరిపోయింది.

మార్చి 23

ఎండలు ముదిరాయి. హేచరీలో 45 సెంటీమీటర్ల లోతున పెట్టిన ఉష్ణోగ్రత యంత్రాలు నాలుగింటిలో ఒకటి ఉప్పునీళ్లకు చచ్చింది. మిగతా మూడూ 32 దాటి చూపిస్తున్నాయి.

తాబేలు పిల్ల ఆడదా మగదా అన్నది తేల్చేది ఇసుక వేడి. 29, 30 డిగ్రీల చుట్టుపక్కల సగం సగం. అంతకంటే వేడైతే ఆడవి, చల్లనైతే మగవి ఎక్కువ. మరీ పైకి పోతే గుడ్లే చచ్చిపోతాయి. జనవరిలో పెట్టినవాటిలో మగవి కాసిన్ని ఉంటాయి, ఇప్పుడు పొదుగుతున్నవి దాదాపు అన్నీ ఆడవే కావచ్చు. నీడ వేయాలా వద్దా అన్నది పెద్ద చర్చ. వేస్తే మనం ప్రకృతిలో వేలు పెట్టినట్టు. వేయకపోతే, గుడ్లు తెచ్చి ఎండలో చదును చేసిన జాగాలో పెట్టిందీ మనమే కదా?

సగం హేచరీకి కొబ్బరి మట్టల పందిరి వేశాం, సగం వదిలేశాం. రెండు వైపులా యంత్రాలు. అవతలి బృందం హేచరీ కట్టదు, గూళ్లు ఉన్నచోటే ఉంచుతుంది. కాబట్టి వాళ్ల ఇసుకలో ఒక యంత్రం పాతమని ఇచ్చి వచ్చాను. అదే మాకు అసలు కొలబద్ద. ఇప్పటికైతే పందిరి కింద రెండు డిగ్రీలు తక్కువ, వాళ్ల ఇసుక రెండింటి మధ్యలో ఉంది. మూడు యంత్రాలతో సిద్ధాంతాలు చేయకూడదు, వచ్చే సీజన్‌కి కనీసం పది కావాలి.

మార్చి 30, ఉగాది

పొద్దున్న పచ్చడి, సాయంత్రం హేచరీలో ఒక గూడు. నాలుగున్నరకి ఇసుక కుంగింది, గుప్పెడంత గుంట పడింది. ఆరింటికి ఒక ముక్కు. తర్వాత కాసేపు ఏమీ లేదు. అందరూ ఒకేసారి కదిలితేగానీ పైకి రాలేరు, కింద ఉన్నవాళ్లు తోస్తే పైవాళ్లకు దారి. చీకటి పడి ఇసుక చల్లబడగానే ఉడికే పాలు పొంగినట్టు బయటికి వచ్చాయి, 97.

అలల గీతకి పదిహేను అడుగుల ముందు వదిలాం. ఆ నడక అవే నడవాలి. నీళ్లలో పడేయకూడదు. ముప్ఫై దాకా సముద్రం వైపు కాకుండా వెనక్కి తిరిగాయి. చూస్తే పేట గుడి దగ్గర పండక్కి కట్టిన లైట్లు. పిల్లలకి వెలుతురున్న వైపే సముద్రం. గుడి పెద్దల దగ్గరికి పరిగెత్తాం. పండగపూట లైట్లు ఆపమంటే ఏమంటారోనని టెన్షన్. పెద్దాయన ఒక్కమాట అడిగాడు: "ఎంతసేపు?" "ముప్పావుగంట." స్విచ్చు ఆయనే కట్టేశాడు. చీకట్లో జనమంతా ఒడ్డుకి నడిచొచ్చారు, చెప్పులు విప్పి. పండగ రోజున గుడి ఖాళీ.

ఏప్రిల్ 15

నిన్న అర్ధరాత్రి నుంచి వేట విరామం. బోట్లన్నీ ఒడ్డున. విరామానికి సర్కారు ఇచ్చే సాయం ఈసారి 20 వేలు చేశారు కాబట్టి పేటలో గొణుగుడు తక్కువ.

పేపర్లో ఒక వార్త మమ్మల్ని కుదిపేసింది. 2021లో ఒడిశాలో జూవలాజికల్ సర్వే వాళ్లు రెక్కకి లోహపు ట్యాగు వేసిన తాబేలు ఈ జనవరిలో మహారాష్ట్ర రత్నగిరి జిల్లా గుహాగర్ తీరంలో గుడ్లు పెట్టిందట. తూర్పు తీరం తాబేళ్లు వేరు, పడమటి తీరం తాబేళ్లు వేరు అనుకునేవాళ్లు చాలామంది. ఇది శ్రీలంక చుట్టి వెళ్లి ఉండాలి, సుమారు 3500 కిలోమీటర్లు. ఒడిశాలో ఉపగ్రహ ట్యాగు వేసిన తాబేళ్లు శ్రీలంక నీళ్ల దాకా పోయినట్టు పాతికేళ్ల కిందటే చూశారు. పడమర గట్టెక్కడం మాత్రం నేను వినడం ఇదే మొదటిసారి.

ఇది చూశాక మా గుంపులో ఒక పని నెత్తినేసుకున్నాం. గుడ్లు పెట్టడానికి వచ్చిన ప్రతి తాబేలుకీ ముందు రెక్కలు రెండూ తడిమి ట్యాగు ఉందేమో చూడాలి. గుడ్లు జారుతుండగా చూస్తే బెదరదు, అంతకుముందు ముట్టుకుంటే తిరిగిపోతుంది. ఈ సీజన్లో చూసిన తాబేళ్లలో సగానికి రెక్కలే చూడలేదు. ఫారంలో ఆ గడి లేదు. ఇప్పుడు వేశాం.

మే 4

సీజన్ ముగిసినట్టే. మా వైపు గూళ్లు 38. అందులో హేచరీకి తెచ్చినవి 26, ఉన్నచోటే జాలీ వేసినవి 12. ఆ ఆరు కిలోమీటర్లలో కలిసి కాపాడినవి మరో తొమ్మిది. వీటిని ఎవరి లెక్కలో వేయాలన్న తగువు వచ్చింది. మూడో వరస గీసి "ఇద్దరిదీ" అని రాశాం. అధికారులకు పంపే పట్టికలో ఆ వరసకి జిల్లా పేరు ఏం రాయాలో తెలియక అక్కడి గుమాస్తా వెనక్కి పంపాడు. మళ్లీ పంపాను, గడి ఖాళీగానే వదిలి.

చచ్చినవి: రంగులు వేయడం మొదలుపెట్టాక మావి 21, వాళ్లవి 18. ఇప్పుడు ఈ 39ని ధైర్యంగా కాగితం మీద పెట్టగలను. జనవరి మొదట్లో లెక్కలు మాత్రం విడిగా, "రంగు లేనివి" అని పెట్టాను.

రంగు డబ్బాలు ఇంకో పని కూడా చేశాయి, మేం అనుకోనిది. ఎర్రరంగు పడిన రెండు శవాలు ఫిబ్రవరి మొదటివారంలో మా ఒడ్డుకి వచ్చాయి, అంటే ఉత్తరం నుంచి దక్షిణానికి. మార్చిలో మా పసుపువి మూడు వాళ్ల వైపు తేలాయి, దక్షిణం నుంచి ఉత్తరానికి. ఫిబ్రవరి దాటాక మన తీరం వెంట నీరు ఉత్తరానికి మళ్లుతుందని పుస్తకాల్లో ఉంది. తాతని అడిగితే "శివరాత్రి వెళ్లేక నీరు అటు తిరిగిపోద్ది, అది కూడా తెల్దా మేస్టారూ" అన్నాడు. ఐదు శవాలతో ప్రవాహాల పటం గీయలేం. కానీ ఒడ్డుకొచ్చిన చోటును బట్టి ఎవరి బోటు చంపిందో చెప్పలేమన్నది మాత్రం రెండు పేటల్లోనూ అర్థమైంది. జనవరి 26న గట్టిగా అరిచిన మావ ఒకడు మొన్న ఆ ఫొటోలు చూసి చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, ట్రాల్ వలకు పెట్టే ఆ కటకటాల చట్రం ఎంతవుతుందని అడిగాడు. ఆయన బావమరిదికి మరబోటు ఉంది.

చట్రం ఒకటి తెప్పించి విరామం అయ్యేలోపు ఆ బోటు వలకి కట్టి చూడాలి. ఇంకా చేయవలసినవి: ఉష్ణోగ్రత యంత్రాలు పది, ఫారంలో ట్యాగు గడితో కొత్త ముద్రణ, గుడి దగ్గర లైట్లకి సముద్రం వైపు రేకు అడ్డు. పసుపు పెయింటు సగం డబ్బా మిగిలింది, మూత బిగించి బడి బీరువాలో పెట్టాను. ఎరుపు అయిపోయిందట, వాళ్లు కొనుక్కోవాలి.